-ఎస్టీడీ=గ్నూ11: సటీకా తాత్పర్యం

అవతారిక

సీ భాషకు ప్రమాణం ఒకటి కాదు. 1989 నుంచి ఇప్పటిదాకా నాలుగైదు ముద్రణలు వెలువడ్డాయి, వాటికి అనుబంధాలు వేరు. ఒక కోడ్‌బేస్ వీటిలో దేనికి లోబడుతుందో తెలిపే మాట సాధారణంగా మేక్‌ఫైల్‌లో ఒక్క పంక్తి. సూత్రం అనిపించుకోవడానికి కావలసినవన్నీ ఆ పంక్తికి ఉన్నాయి. అక్షరాలు తక్కువ, పట్టు ఎక్కువ, వ్యాఖ్యాత లేనిదే బోధపడదు.

వ్యాఖ్యకు ఆలంబనం ఉండాలి గనుక ధర్మపురి జిల్లా హరూర్ వంటి ఊరిలో ఒక లారీ కాటాను ఊహించుకుంటే చాలు. కర్రపెండలం, చెరకు పండే ప్రాంతం. లోడు బండి కాటా ఎక్కాలి, బరువు తెర మీద పడాలి, చీటీ అచ్చు కావాలి. ఇంతకంటే లౌకికమైన వ్యవహారం లేదు కాబట్టే దీనికి టీకా రాయడం న్యాయం. ఇలాంటి చోట కోడ్ రెండు ముక్కలుగా ఉంటుంది. బరువును కొలిచి అంకె చూపే ఇండికేటర్ పెట్టెలో ఒకటి, సీరియల్ కేబుల్ అవతల గుమాస్తా బల్ల మీది లినక్స్ కంప్యూటర్‌లో మరొకటి. ప్రస్తుత మూలం రెండోదానిది.

మూలం

    సీఫ్లాగ్స్ += -ఎస్టీడీ=గ్నూ11

ప్రతిపదార్థం

సీఫ్లాగ్స్ = సీ కంపైలర్‌కు ఇచ్చే ఆజ్ఞలయందు; += = ఉన్నవాటిని చెరపక, వాటికి తోడుగా; -ఎస్టీడీ = ప్రమాణము; = = ఇది అగుగాక; గ్నూ = గ్నూ వారి సొంత చేర్పులతో కూడినదైన; 11 = 2011 డిసెంబరులో వెలువడిన ఐఎస్ఓ/ఐఈసీ 9899 ప్రతి.

ఎస్టీడీ అనగా ఒకప్పుడు ప్రతి బస్టాండు పక్కనా పసుపు బోర్డు మీద కనిపించిన దూరపు ఫోను కాదు. అయితే దూరాన ఉన్నవారితో మాట కలపడం రెండింటికీ సమానధర్మం గనుక ఇక్కడ శ్లేష పట్టుకునేవారిని ఆపనక్కర్లేదు.

పాఠభేదాలు

లక్ష్యం ముందు పుట్టి లక్షణం తర్వాత రావడం వ్యాకరణాలకు అలవాటే. డెనిస్ రిచీ 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో సీ భాషను తీర్చాడు. బ్రయన్ కెర్నిగన్‌తో కలిసి ఆయన రాసిన పుస్తకం 1978లో వచ్చింది, పదేళ్లపాటు అదే ప్రమాణగ్రంథంగా చెలామణీ అయింది. అమెరికా ప్రమాణాల సంస్థ ఆన్సీ 1983లో సంఘం వేసి 1989 చివర లక్షణాన్ని ఆమోదించింది. మరుసటి ఏడు ఐఎస్ఓ అదే పాఠాన్ని విభాగాల అంకెలు మార్చి అచ్చువేసింది. కాబట్టి సీ89, సీ90 అనేవి ఒకే గ్రంథానికి రెండు ముఖపత్రాలు. ఇంటర్వ్యూల్లో వీటి మధ్య భేదం చెప్పమనేవారికి ఈ సంగతి చెప్పి ప్రయోజనం లేదు.

1995లో విశాలాక్షరాల సామగ్రితో ఒక అనుబంధం వచ్చింది. చిన్నయసూరి బాలవ్యాకరణంలో (1858) మిగిలినవాటిని బహుజనపల్లి సీతారామాచార్యులు 1885లో ప్రౌఢవ్యాకరణంగా పూరించిన తీరు తెలిసినవారికి ఈ అనుబంధం వింతగా తోచదు. అసలు పెద్ద మార్పు సీ99. రెండు అడ్డగీతలతో మొదలయ్యే వ్యాఖ్య, బ్లాకు మధ్యలో ఎక్కడైనా చలరాశిని ప్రకటించుకునే వీలు, ఫర్ లూపులోనే దాని లెక్కరాశిని పుట్టించడం, లాంగ్ లాంగ్, ఇన్ని బిట్లని ఖరాఖండిగా చెప్పే పూర్ణాంకాలు అన్నీ దానివే. సీ11 పేరులేని స్ట్రక్ట్‌లను, స్టాటిక్ అసర్ట్‌ను, అటామిక్‌లను తెచ్చింది. ఎంత చదవాలో హద్దు తెలియని గెట్స్ ఫంక్షన్‌కు ఉద్వాసన చెప్పింది. సీ17లో దోషపరిష్కారమే తప్ప కొత్త పదం లేదు. అది 2018లో అచ్చయింది కాబట్టి కొందరు సీ18 అంటారు, కంపైలర్ రెండు పేర్లకూ పలుకుతుంది. సీ23 వెలువడింది 2024లో. పేరులోని ఏడుకూ అచ్చులోని ఏడుకూ పొత్తు లేకపోవడం తెలుగు పుస్తకాల ముద్రణ చరిత్ర ఎరిగినవారికి కొత్త కాదు.

వీటన్నిటికంటే ఎక్కువ ప్రతుల్లో కనిపించే పాఠం వేరే ఉంది. అది ఈ పంక్తి అసలే లేకపోవడం. దాని ముచ్చట తాత్పర్యంలో వస్తుంది.

గ్నూ అనే విశేషణం గురించి

మెదక్ ప్రాంతపు కొలచెలమవాడైన సంస్కృత కావ్య వ్యాఖ్యాత మల్లినాథసూరి మూలంలో లేనిదాన్ని వ్యాఖ్యలోకి రానివ్వనని నియమం పెట్టుకున్నాడు. ‘-ఎస్టీడీ=సీ11’ అని రాసేవారి మనసులో ఉన్నదీ ఆ నియమమే. కానీ ఈ పంక్తి ఒక్కటే ఆ నియమాన్ని నిలబెట్టదు. గ్నూ చేర్పుల్లో చాలావాటిని కంపైలర్ అప్పుడూ మారుమాట లేకుండా ఆమోదిస్తుంది. గద్దించాలంటే ‘-పెడాంటిక్’ తోడు కావాలి. పోయేవి వేరే. టైపాఫ్, ఏఎస్ఎమ్ అనే పదాలు కీలకపదాలుగా చెల్లవు, ముందువెనుకల జంట అండర్‌స్కోర్లు తగిలించుకుని రావాలి. అంతకంటే ముఖ్యంగా, లినక్స్ హెడర్ ఫైళ్లు తమ ప్రకటనల్లో ఒక భాగాన్ని దాచేస్తాయి.

కాటా కోడ్‌లో దీని ఫలం వెంటనే కనిపిస్తుంది. సీరియల్ పోర్టును ముడి దశలో తెరవడానికి వాడే సీఎఫ్‌మేక్‌రా అనే ఫంక్షన్ ఐఎస్ఓ ప్రమాణంలో లేదు, యూనిక్స్ జాతి వ్యవస్థల ప్రమాణమైన పాసిక్స్‌లోనూ లేదు. గ్నూ11 అంటే అది హెడర్‌లో కనబడుతుంది, సీ11 అంటే కనబడదు. గ్నూ వారి కంపైలర్ జీసీసీ పాతదైతే హెచ్చరించి ఊరుకునేది. 2024లో వచ్చిన జీసీసీ 14 నుంచి ప్రకటన లేని ఫంక్షన్‌ను పిలవడం నేరుగా తప్పు కిందికి వస్తుంది. శుద్ధికి పోయి ‘గ్నూ’ బదులు ‘సీ’ రాసినవారు ఆ సాయంత్రమే దాగినవాటిని బయటపెట్టే ‘_డిఫాల్ట్_సోర్స్’ అనే మాక్రోను వెతుక్కుంటారు. లినక్స్ మీదే నడిచే, పోర్టులతో మాట్లాడే కోడ్‌కు ‘గ్నూ’ అని ఒప్పుకోవడమే నిజాయితీ. వేరే కంపైలర్ల మీదికి వెళ్లవలసిన గ్రంథాలయాలకు మాత్రమే మల్లినాథుడి నియమం, అదీ ‘-పెడాంటిక్’తో సహా.

తాత్పర్యం

ఈ కోడ్ 2011 నాటి ప్రమాణాన్ని గ్నూ చేర్పులతో సహా ఆశ్రయించింది. అది తెలియని కంపైలర్‌కు ఇక్కడ పని లేదు. దాన్ని మించి రాయదలచినవారు ముందు ఈ పంక్తిని మార్చి, ఆ తర్వాత కోడ్ మీద చెయ్యి వేయాలి అని భావం.

పంక్తి లేకపోతే ప్రమాణం లేకుండా పోదు, దాన్ని ఎంచుకునే అధికారం కంపైలర్ చేతికి పోతుంది. జీసీసీ 4.9 వరకు ఏమీ చెప్పకపోతే గ్నూ90 అనుకునేది. 2015లో జీసీసీ 5తో అది గ్నూ11 అయింది, 2018లో 8తో గ్నూ17, 2025లో 15తో గ్నూ23. అంటే కోడ్‌లో అక్షరం మారకుండా, ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొత్తది చేసిన పాపానికి, ప్రోగ్రాం మూడుసార్లు మతం మార్చుకుంది.

చివరి మార్పిడి నొప్పి పెట్టే రకం. పాత కోడ్‌లలో బూలియన్ లేని లోటు తీర్చుకోవడానికి ‘టైప్‌డెఫ్ ఇంట్ బూల్;’ అని రాసుకోవడం వాడుక. సీ23లో బూల్ కీలకపదమై కూర్చుంది కాబట్టి ఆ పంక్తి దగ్గరే కంపైలర్ ఆగిపోతుంది. రెండోది ఇంకా సున్నితం. ‘ఇంట్ తూకం();’ అనే ప్రకటనకు సీ17 దాకా అర్థం, ఎన్ని ఆర్గ్యుమెంట్లో ఇప్పుడు చెప్పడం లేదని. సీ23లో అర్థం, ఆర్గ్యుమెంట్లు లేనే లేవని. కింద ఎక్కడో ‘తూకం(పోర్టు)’ అని పిలిచిన చోట కొత్త జీసీసీ ఒప్పుకోదు. ఖాళీ కుండలీకరణాల్లో ఇంత అర్థం ఉందని ఆ ప్రకటన రాసినవారికి తెలిసి ఉండదు. పైన ‘-ఎస్టీడీ=గ్నూ11’ ఉన్న కోడ్‌బేస్‌కు ఈ రెండు గండాలూ లేవు. కంపైలర్ 15 అయినా 25 అయినా ఆ పంక్తిని మన్నిస్తుంది.

పూర్వపక్షాలు

సీ23 ఉండగా పదిహేనేళ్ల నాటిదాన్ని పట్టుకు వేలాడటం ఎందుకని ఒక ఆక్షేపం. సమాధానం: ప్రమాణాన్ని ఎంచుకునేది భాషలోని అందాలను బట్టి కాదు, కోడ్ నడవవలసిన చోట్లలో అన్నిటికంటే వెనకబడిన కంపైలర్‌ను బట్టి. మైక్రోసాఫ్ట్ వారి కంపైలర్ దశాబ్దాలపాటు సీ90 దగ్గరే ఉండి, సీ11, సీ17 అనే స్విచ్‌లను 2020లో గాని తేలేదు. ఇండికేటర్ పెట్టెలో 8051 జాతి చిప్ ఉంటే దానికి వాడే కీల్ సీ51 కంపైలర్ పాటించేది 1989 నాటి లక్షణమే. అక్కడ సీ23 అందాలు వర్ణించడం చెవిటివాడి ముందు శంఖం ఊదడమే.

ఆ లెక్కన అందరూ సీ89లోనే రాస్తే గొడవ వదిలిపోతుంది కదా అని రెండో ఆక్షేపం. కర్ల్, ఎస్‌క్యూలైట్ అలాగే ఉన్నాయి, వాటికి అది శోభ. చేతిగడియారం నుంచి విమానం దాకా ఎవరు ఏ కంపైలర్‌తో కట్టుకుంటారో చెప్పలేని సరుకు అది. హరూర్ కాటాకు అంత విశ్వరూపం అక్కర్లేదు. పైగా సీ89కు ఖర్చు ఉంది, అది ఎక్కడ పడుతుందో చూడాలి.

దక్షిణాదిలో సీ నేర్చుకున్న రెండు తరాలకు చేతికి వచ్చింది టర్బో సీ. బోర్లాండ్ దాన్ని 1987లో విడుదల చేసింది, అంటే ప్రమాణం కంటే ముందే. డాస్ పోయాక కూడా కాలేజీ ల్యాబుల్లో డాస్‌బాక్స్ అనే తొడుగు వేసి దాన్ని బతికించారు. కోనియో హెడర్, క్లియర్‌స్క్రీన్ ఫంక్షన్ ఏ ప్రమాణంలోనూ లేనివి. వాయిడ్ మెయిన్ అనమని ఏ ప్రమాణమూ చెప్పలేదు. ల్యాబ్ రికార్డుల్లో మాత్రం ఈ మూడూ మంగళశ్లోకంలాగా ప్రతి ప్రోగ్రాం నెత్తినా ఉంటాయి. బాలగురుసామి పాఠ్యపుస్తకం పేరే ‘ప్రోగ్రామింగ్ ఇన్ ఆన్సీ సీ’. ప్రమాణం పేరు అట్ట మీదే ఉన్నా అట్టను ప్రశ్నగా అడిగిన పరీక్ష అరుదు.

టర్బో సీలో ఇంట్ అంటే 16 బిట్లు, గరిష్ఠం 32,767. కిలోల్లో తూచే కాటాకు ఇది చాలదు. 40,000 కిలోల ట్రైలర్ ఎక్కితే, ఆ అంకెను ఇంట్‌లో పెట్టిన ప్రోగ్రాం తెర మీద -25,536 చూపిస్తుంది. బండివాడు కాటా యజమానికే సరుకు బాకీ పడ్డాడన్నమాట. లాంగ్ వాడితే సీ89లోనూ గండం గడుస్తుంది, ఎందుకంటే లాంగ్ కనీసం 32 బిట్లు ఉండాలని అప్పటికే నియమం. అయితే ఆ నియమం గుర్తుంచుకోవలసింది రాసేవాడు. సీ99 వచ్చాక ‘ఇంట్32_టీ’ అని రాస్తే వెడల్పు పేరులోనే కనిపిస్తుంది, చదివేవాడికి కూడా. బల్ల మీది కాటా కోడ్‌కు సీ99 కంటే కిందికి దిగకూడదనడానికి ఆ పేరును ఇచ్చే ఒక్క హెడర్ ఫైల్ చాలు.

ప్రమాణం ఏదైనా అర్థం ఒకటేగా, కొత్త మాటలు వాడకపోతే సరిపోతుందని మూడో ఆక్షేపం. దీనికి సమాధానంగా ద్వ్యర్థి ప్రకరణం.

ద్వ్యర్థి

పింగళి సూరన రాఘవపాండవీయంలో ఒకే పద్యం రామకథగానూ భారతకథగానూ నడుస్తుంది. సీ భాషలో అంత పాండిత్యం లేకుండానే ఆ పని అవుతుంది:

    సగటు = మొత్తం //* సంచుల లెక్క */ సంచులు
    ;

సీ90 దృష్టిలో రెండు అడ్డగీతల వ్యాఖ్య లేదు. మొదటి అడ్డగీత భాగహారం, రెండోది నక్షత్రంతో కలిసి వ్యాఖ్యను మొదలుపెడుతుంది. వ్యాఖ్యను తీసేస్తే మిగిలేది ‘మొత్తం / సంచులు’. సీ99 దృష్టిలో రెండు అడ్డగీతల నుంచి పంక్తి చివరిదాకా అంతా వ్యాఖ్యే, మిగిలేది ‘సగటు = మొత్తం’. 40,000 కిలోలు, 500 సంచులు ఉంటే సీ90 ప్రకారం సంచికి 80 కిలోలు, సీ99 ప్రకారం సంచికి 40,000. పేర్లు ఆంగ్లాక్షరాల్లో ఉంటే రెండు చోట్లా కంపైలర్‌కు అనుమానం రాదు. గ్నూ90 అని రాస్తే అడ్డగీతల వ్యాఖ్య గ్నూ చేర్పుగా చెల్లుతుంది కాబట్టి అర్థం సీ99దే అవుతుంది. ‘సీ’కీ ‘గ్నూ’కీ తేడా లేదనేవారు ఇది కూడా చూడాలి.

ఇలాంటి పంక్తిని బుద్ధిపూర్వకంగా ఎవరూ రాయరన్న మాట నిజమే. రోజూ రాసేవాటిలో ఉన్న ద్వ్యర్థి భాగహారానిది. ఖాళీ కాటా కొంచెం కిందికి జారి -7 చూపుతుంటే, దాన్ని 2తో భాగిస్తే వచ్చేది -3 అయినా -4 అయినా సీ90కి సమ్మతమే, ఏదో కంపైలర్ చెప్పుకోవాలి. సీ99 దాన్ని -3 అని తేల్చింది.

విశేషాంశం: తెలుగు పేర్లు

పై ఉదాహరణలో చలరాశుల పేర్లు తెలుగులో ఉన్నాయి. అలా రాయవచ్చునా అన్నదీ ప్రమాణాన్ని బట్టే తేలుతుంది, ఈ భాగంలో పాత వ్యాఖ్యాతలు చేసిన శ్రమ తక్కువ. సీ90లో పేరుకు ఆంగ్లాక్షరాలు, అంకెలు, అండర్‌స్కోరే. సీ99 తన అనుబంధం ‘డి’లో లిపుల వారీగా యూనికోడ్ సంకేతాల పట్టిక ఇచ్చింది. అందులో తమిళం తర్వాత తెలుగు, ఆ తర్వాత కన్నడం. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, జిల్లా పొడుగునా కన్నడం కూడా వినిపించే ధర్మపురివారికి ఆ వరస పరిచయమైనదే. కాబట్టి 1999 నుంచి ‘బరువు’ అనే చలరాశి శాస్త్రసమ్మతం. లోకసమ్మతం కావడానికి ఇంకా ఇరవై ఏళ్లు పట్టింది. అక్షరాలను ఉన్నవి ఉన్నట్టు టైపు చేస్తే జీసీసీ ఒప్పుకున్నది 2020 నాటి 10వ వెర్షన్ నుంచే, అంతకు ముందు ఒక్కో అక్షరాన్ని యూనికోడ్ సంకేతంగా విప్పి రాయవలసి వచ్చేది.

ఆ పట్టిక నాటి యూనికోడ్‌కు కట్టుబడినది. దంత్య చ, జలు ౘ, ౙ యూనికోడ్‌లోకి 2008లో వచ్చాయి, అందుచేత సీ99 పట్టికలో లేవు. సీ11 లిపుల వారీ లెక్క మానేసి పెద్ద పెద్ద మడులు కొలిచి ఇవ్వడంతో అవీ లోపలికి వచ్చాయి.

ఇక హరూర్ పేరులోనే చిక్కు ఉంది. అది పొల్లుతో ముగుస్తుంది. దాని వెంట మరో హల్లు రాగానే తెర మీద రెండూ కలిసి వత్తు పడుతుంది, ‘హరూర్’, ‘తూకం’ కలిపి ఒక పేరు చేయబోతే ‘హరూర్తూకం’ అవుతుంది. విడిగా నిలపాలంటే మధ్యలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కంటికి కనబడని సంకేతం పెట్టి ‘హరూర్‌తూకం’ అనాలి. కీబోర్డులు అడక్కుండానే పెట్టేస్తుంటాయి. సీ99 పట్టికలో ఆ సంకేతం లేదు, పేరు చెల్లదు. సీ11 కొలిచిచ్చిన మడుల్లో అది పడింది, పేరు చెల్లుతుంది. సీ23 యూనికోడ్ వారి 31వ అనుబంధాన్ని అనుసరించి పేర్ల నియమాన్ని మళ్లీ రాసింది, అందులో ఆ సంకేతానికి చోటు లేదు. కనిపించని అక్షరంతో ఒకేలా కనిపించే రెండు పేర్లు పుట్టించి మోసం చేయవచ్చు గనుక ఆ కట్టుదిట్టం సమంజసమే. కానీ హరూర్‌తూకానికి మాత్రం సీ11, సీ17ల కాలంలోనే పౌరసత్వం. అండర్‌స్కోర్ పెట్టి ‘హరూర్_తూకం’ అనడం శిష్టమార్గం. కీలకపదాలు ఏ ప్రమాణంలోనూ ఆంగ్లం దాటలేదు, పై మూలంలోనూ ఉదాహరణల్లోనూ వాటిని తెలుగులో రాసింది ఉచ్చారణ కోసమే.

శిష్టాచారం

ప్రమాణం మార్చుకోవడం పెద్ద ఇళ్లలో ఎలా జరుగుతుందో చూడదలచినవారికి లినక్స్ కెర్నెల్ మంచి దృష్టాంతం. అది మూడు దశాబ్దాలు గ్నూ89లోనే ఉండి, 2022 మే నెలలో వచ్చిన 5.18తో గ్నూ11లోకి మారింది. కదిలించింది భాషాభిమానం కాదు, ఒక లోపం. జాబితాలను నడిచే మాక్రోలలో లూపు తిప్పే చలరాశి లూపు అయిపోయాక కూడా బతికి ఉండి, ఎక్కడికో చూపుతూ ఉండేది. దాన్ని లూపులోనే పుట్టించి లూపుతోనే చంపాలంటే సీ99 కావాలి. లైనస్ టోర్వాల్డ్స్ అక్కడిదాకా వెళ్దామన్నాడు. అప్పటికే కెర్నెల్‌కు కావలసిన కనీస జీసీసీ 5.1 గనుక, అది తనంతట తానే గ్నూ11 మాట్లాడుతుంది గనుక, 99 దగ్గర ఆగే పని లేదని ఆర్న్‌డ్ బెర్గ్‌మన్ చూపించాడు. ముందు కంపైలర్ నేల స్థిరపడింది, తర్వాతే దాని మీద ప్రమాణం నిలిచింది.

పోస్ట్‌గ్రెస్ 2019లో 12వ వెర్షన్‌తో సీ99కు వచ్చినా, బ్లాకు మధ్యలో ప్రకటనలు పెడితే హెచ్చరించేలా స్విచ్ ఉంచుకుంది. ప్రమాణం ఒప్పుకున్నంత మాత్రాన ఇంటి ఆచారం ఒప్పుకోవాలని లేదు. పైథాన్ ఇంటర్‌ప్రెటర్ కోడ్ 2022లో 3.11తో సీ11కు మారింది, అదీ ఐచ్ఛికాంశాలను మినహాయించి.

వినియోగం

హరూర్ కాటాకు దీన్ని అన్వయిస్తే, బల్ల మీది ప్రోగ్రాంకు మూలంలోని పంక్తి యథాతథంగా నప్పుతుంది. గ్నూ17 అన్నా దోషం లేదు, రెంటి మధ్య భాషలో తేడా లేదు గనుక. ఇండికేటర్ పెట్టెకు ఎంపికే లేదు, సీ90. తగువంతా రెంటికీ ఉమ్మడి అయిన హెడర్ ఫైల్ దగ్గర, అంటే పెట్టె నుంచి కేబుల్‌లో వచ్చే ప్యాకెట్ రూపం రాసి ఉన్నచోట.

అక్కడ సీ90 వైపు ఇంట్32_టీ లేదు కదా అని బరువును లాంగ్‌గా పెట్టి, స్ట్రక్ట్‌ను ఉన్నదున్నట్టు పంపితే రెండు వైపులా చెడుతుంది. 8051లో లాంగ్ 4 బైట్లు, 64 బిట్ల లినక్స్‌లో 8. కీల్ సీ51 పెద్ద బైటును ముందు రాస్తుంది, ఇంటెల్ చిప్ చిన్న బైటును ముందు రాస్తుంది. ఏ ప్రమాణమూ ఈ రెంటినీ కలపదు. హెడర్‌లో ప్యాకెట్‌ను అన్‌సైన్డ్ క్యార్ల వరసగానే ప్రకటించి, ఏ స్థానంలో బరువులోని ఏ బైటు ఉందో అంకెలు చెప్పి, కూర్చుకునే పని ఎవరి వైపు వారికి వదిలిపెట్టాలి. ఆ ఒక్క ఫైల్‌ను బల్ల మీది కంప్యూటర్‌లో ‘-ఎస్టీడీ=సీ90 -పెడాంటిక్-ఎర్రర్స్’ పెట్టి విడిగా ఒకసారి కంపైల్ చేసే అంచెను కూడా మేక్‌ఫైల్‌లో చేర్చితే, అందులో ఎవరైనా అలవాటుగా రెండు అడ్డగీతల వ్యాఖ్య రాసిన రోజే బిల్డ్ ఆగి, పంక్తి అంకెతో సహా చెబుతుంది.